నిమ్మతొక్క రుద్దుకుని ఎండలోకి వెళ్లొద్దు

ఎండలు ముదిరాయో లేదో, ఆ ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. ‘నిమ్మతొక్కతో ముఖం రుద్ది, పసుపు, కొబ్బరినూనె కలిపి రాసుకుని బయటికి వెళ్లండి. మొక్కల యాంటీఆక్సిడెంట్లే సహజ సన్‌స్క్రీన్. బజారులో కొనే క్రీములన్నీ రసాయనాలు. గ్రీన్ టీ కాచి సీసాలో పెట్టుకుని పూసుకోండి. టమాటా తినండి.’ బాగా చదువుకున్నవాళ్లే పంపుతున్నారు.

నిమ్మలోని సిట్రిక్ యాసిడ్ రసాయనం కాదా? ఆ మాట అక్కడితో సరి.

కొబ్బరినూనెను ల్యాబ్‌లో కొలిస్తే ఒకరికి ఎస్‌పీఎఫ్ (ఎండకు చర్మం కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 7 వచ్చింది, మరొకరికి 1 దగ్గరే ఆగింది. 1 అంటే ఏమీ రాసుకోనట్టే. పసుపు సంగతి ఇంకా తేలిక. మరక పడ్డ తెల్లచొక్కాను ఎండలో ఆరేస్తే పసుపు రంగు ఎగిరిపోతుంది, ఎందుకంటే ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకే విరిగిపోతుంది. చొక్కా మీద నిలవనిది ముఖాన్ని కాపాడుతుందా?

అసలు ప్రమాదం నిమ్మతొక్క. అందులో సోరాలెన్ జాతి పదార్థాలుంటాయి, రసంలో కన్నా తొక్కలో ఎక్కువ. అవి చర్మం మీద ఉండగా ఎండలోని యూవీఏ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) తగిలితే కణాలు కాలిపోతాయి. వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు ఎర్రబడి, మండి, బొబ్బలు లేస్తాయి. రసం కారిన చోట చారలుగా, వేలు తగిలిన చోట వేలిముద్రగా. బొబ్బ మానాక నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. మధ్యలో రోజు గడిచిపోతుంది కాబట్టి తప్పు నిమ్మదని ఎవరికీ తట్టదు, మచ్చ పోవడానికి మళ్లీ నిమ్మే రుద్దుతారు! కారు అద్దం వెనక కూర్చున్నా యూవీఏ కొంత లోపలికి వస్తుంది. ఇప్పటికే రాసుకుని ఉంటే సబ్బుతో కడుక్కుని నీడలో ఉండండి. బొబ్బలు చిదమకుండా చర్మ డాక్టర్‌కు చూపించండి. బొబ్బలు కూడా సహజమే అంటారా?

‘నిమ్మలో విటమిన్ సి ఉందిగా’ అంటారు. 100 గ్రాముల రసంలో ఉండేది సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. 2005లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించిన సీరమ్‌లో (చర్మానికి రాసే పల్చటి ద్రావణం) విటమిన్ సి 15 శాతం, అంటే కనీసం 300 రెట్లు. దానికి తోడు విటమిన్ ఇ 1 శాతం, ఫెరూలిక్ యాసిడ్ 0.5 శాతం. ఆ ఫెరూలిక్ యాసిడ్ మన తవుడులోనూ ఉంటుంది. మొక్కల యాంటీఆక్సిడెంట్లు పనిచేస్తాయి, కాదనను. కానీ అవి కాంతిని ఆపవు, కాంతి లోపలికి దిగాక పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను అణచివేస్తాయి. కాబట్టి సీరమ్ కింద, సన్‌స్క్రీన్ పైన. సీరమ్ గోధుమరంగుకు తిరిగితే పారేయండి. సీసాలో కాచి పెట్టిన గ్రీన్ టీ నల్లబడేదీ అందుకే, ఆక్సీకరణ జరిగిపోయింది.

టమాటా విషయంలో మాత్రం ఆ ఫార్వర్డ్‌దే ఒప్పు. రోజూ 40 గ్రాముల టమాటా పేస్టు ఆలివ్ నూనెతో 10 వారాలు తిన్నవాళ్లకు యూవీ కాంతికి చర్మం ఎర్రబడటం సుమారు 40 శాతం తగ్గింది. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ నూనెలో మగ్గితేనే బాగా ఒంటబడుతుంది. టమాటా పప్పు హాయిగా తినండి, తిన్నాక కూడా సన్‌స్క్రీన్ రాసుకోండి.

ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవునా పిండినంత, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ తీసుకోండి, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది.