చలికాలం పెండ్లికి రంగులా? ముందు ముహూర్తం టైం చూడండి

పెండ్లి కుదిరిన ఇంట్లో లగ్నపత్రిక రాసుకున్నాక మొదలయ్యే పెద్ద చర్చ ఇప్పుడు రంగుల మీదే. అమ్మాయి ఫోన్‌లో కొన్ని ఫొటోలు దాచుకుని ఉంటుంది. అబ్బాయి అక్క దగ్గర ఇంకొన్ని ఉంటాయి. డెకరేషన్ అతను తన ట్యాబ్ తీసి మరికొన్ని చూపిస్తాడు. చలికాలం పెండ్లి అని వెతికి తెచ్చినవి కాబట్టి అన్నిట్లోనూ దాదాపు అవే రంగులు: ముదురు వైన్, నేవీ బ్లూ, బాటిల్ గ్రీన్, వాటి మీద వెండి మెరుపు. ఇవి మంచు కురిసే దేశాల్లో కుదిరిన రంగులు. అక్కడ డిసెంబర్‌లో చెట్టుకు ఆకు ఉండదు, నేలంతా తెలుపు, సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆ తెలుపు మీద ముదురు రంగు నిండుగా కనిపిస్తుంది.

మన దిక్కు డిసెంబర్ వేరు. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోసిన మడులు లేత పసుపులో ఉంటాయి. మునుగోడు, దేవరకొండ దిక్కు చేన్లలో ఇంకా పత్తి తీస్తుంటారు. చామంతికి అదే అదను. వానలు తగ్గిపోయి ఆకాశం తేటగా ఉంటుంది. రంగులు బాగా కనిపించే కాలం ఏడాదిలో ఏదైనా ఉంటే అది ఇదే. ఇంత వెలుతురు పెట్టుకుని, చీకటి దేశాల కోసం కుదిర్చిన రంగులు తెచ్చుకోవడం నాకు వింతగా అనిపిస్తుంది.

అసలు మన దగ్గర చలికాలం పెండ్లిళ్లు రెండు విడతలు. కార్తీకం నుంచి డిసెంబర్ సగం దాకా ఒక విడత. ఆ తర్వాత ధనుర్మాసం, పుష్యం కలిసి బాజాలను ఆపేస్తాయి. మాఘంలో, అంటే జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మళ్లీ మొదలవుతాయి. నడుమ మూఢం వచ్చిపడితే ఆ లెక్క కూడా తప్పుతుంది. క్రైస్తవ కుటుంబాలకు ఈ ఆపు లేదు, వాళ్లకు తెలుపు ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి వాళ్ల చర్చ వేరు. మార్గశిరంలో చలి నిజంగానే ఉంటుంది, పొద్దు 5:40 అటూ ఇటూగా కుంకుతుంది. మాఘం చివరికొచ్చేసరికి పాలమూరులో మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, మోదుగు పూయడం మొదలవుతుంది. డిసెంబర్ ఫొటో చూసి కుట్టించిన వెల్వెట్ లెహంగా ఫిబ్రవరి ముహూర్తానికి వేసుకున్న పెండ్లికూతురు మండపంలో చెమట తుడుచుకోవడంతోనే సరిపోతుంది.

అందుకే రంగు గురించి మాట్లాడే ముందు అయ్యగారు ఇచ్చిన టైం చూడాలంటాను. పొద్దున ఏడెనిమిదింటి ముహూర్తమైతే ఎండ ఏటవాలుగా, మెత్తగా పడుతుంది. ఆ వెలుతురులో పసుపు, మామిడిపండు రంగు, కుంకుమ ఎరుపు నిండుగా ఉంటాయి, లేత రంగులు కూడా బాగుంటాయి. పదకొండు దాటి ఆరుబయట పందిట్లో అయితే లేత రంగులు వెలవెలబోతాయి. చీరంతా జరీ ఉంటే ఫొటోలో తెల్లటి మెరుపు తప్ప ఏమీ మిగలదు. అక్కడ ముదురు రంగు, సన్న జరీ అంచు మేలు.

రాత్రి ముహూర్తమైతే మొత్తం కరెంటు దీపాల చేతిలో ఉంటుంది. పసుపు కాంతి ఇచ్చే లైట్ల కింద ఎరుపు, నారింజ, బంగారు రంగులకు ప్రాణం వస్తుంది. నీలం, ఊదా నల్లబడతాయి. ఎంతో మోజుపడి కొన్న వంకాయ రంగు పట్టుచీర స్టేజీ మీద నల్లచీరలా కనిపించి పెద్దవాళ్లు మొహాలు చూసుకునేది ఇక్కడే. తెల్లటి ఎల్ఈడీల కింద కథ తిరగబడుతుంది: నీలాలు తేరుకుంటాయి, ఎరుపు చప్పబడుతుంది, మనుషుల మొహాలు కూడా పాలిపోతాయి. మన ఫంక్షన్ హాళ్లలో చాలావాటికి పైకప్పున తెల్ల లైట్లు, స్టేజీకి పసుపు లైట్లు. అదే చీర తలంబ్రాల ఫొటోలో ఒక రంగు, భోజనాల దగ్గర ఇంకో రంగు. ఫొటోగ్రాఫర్‌ను తిట్టి లాభం లేదు.

బట్టల షాపులో చీర నచ్చితే గుమ్మం బయటికి తీసుకొచ్చి ఎండలో చూడటం మన అమ్మలకు అలవాటు. పగటి పెండ్లికి అంతకు మించిన పరీక్ష లేదు. రాత్రి పెండ్లికి మాత్రం అది సగం పరీక్షే. ఇంటికెళ్లి పసుపు బల్బు కింద కూడా విప్పి చూడాలి. ఇంకో సంగతి, మసక చీకట్లో మన కంటికి ముందుగా నల్లబడేది ఎరుపు. నీలాలు, పచ్చలు ఇంకాసేపు నిలుస్తాయి. డిసెంబర్‌లో సాయంత్రం ఆరింటికి ఎదురుకోళ్లు పెట్టుకునేవాళ్లు అక్కడికి చిలకపచ్చో, నెమలికంఠం రంగో కట్టుకుని, ఎరుపును లైట్లున్న మండపానికి దాచుకుంటే సరిపోతుంది.

ఇక మండపం. డెకరేషన్ వాళ్లు దాన్ని ఖాళీ గోడలా చూస్తారు, అక్కడే వస్తుంది తంటా. మనం ఒక్క రంగూ ఎంచుకోకముందే అక్కడ నాలుగైదు రంగులు కూర్చుని ఉంటాయి. తలంబ్రాల బియ్యం పసుపు. మధుపర్కాలు తెలుపు, అంచు ఎరుపు. కుంకుమ ఉంది, మామిడాకు పచ్చ ఉంది. కుమ్మరి ఇంటి నుంచి తెచ్చిన ఐరేని కుండల మీద సున్నం, జాజు గీతలున్నాయి. వీటిలో దేన్నీ మార్చమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. వీటి పక్కన నిలబడగలిగేదే మన రంగు కావాలి.

2017 డిసెంబర్‌లో విరాట్ కోహ్లి, అనుష్క శర్మ ఇటలీలో పెండ్లి చేసుకున్నప్పుడు ఆమె లేత గులాబీ లెహంగా దేశమంతా చూసింది. ఆ తర్వాత లేత రంగుల మోజు మిర్యాలగూడ, జడ్చర్ల హాళ్ల దాకా రావడానికి ఎక్కువకాలం పట్టలేదు. లేత రంగుల మీద నాకు కోపం లేదు. కానీ పుదీనా రంగు తెరలు, ఉల్లిపొర రంగు పూల మధ్య దంపతుల నెత్తిన పసుపు బియ్యం పడుతుంటే, చుట్టూ ఉన్న బట్ట ఉతికి ఉతికి వెలిసినట్టు కనిపిస్తుంది. పసుపు పక్కన లేత రంగు నిలవదు. రిసెప్షన్‌కైతే పసుపూ లేదు, కుంకుమా లేదు. అక్కడ లేత రంగులు హాయిగా పెట్టుకోవచ్చు. రెండింటికీ ఒకే స్టేజీ, ఒకే డెకరేషన్ అని ప్యాకేజీ మాట్లాడుకోవడం వల్లే ఈ చిక్కు.

నలుపు గురించి కూడా ఒక మాట. పెండ్లిలో నలుపు పనికిరాదని గట్టిగా చెప్పే ఇంట్లోనే అమ్మాయి మెడలో నల్లపూసలు కడతారు, బుగ్గన దిష్టిచుక్క పెడతారు. కొద్దిగా ఉంటే నలుపు రక్ష అన్నమాట. పాత నల్గొండ జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే నేతబట్ట రంగులు చూడండి: ఎరుపు, నలుపు, తెలుపు. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి రంగు పట్టించే పద్ధతి అది. ఆముదం ఈ మెట్ట నేలల పంటే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముహూర్తానికి వద్దంటే వద్దు, సంగీత్ రాత్రికి తేలియా దుపట్టా వేసుకున్న అమ్మాయి గుంపులో వేరుగా కనిపిస్తుంది.

రంగుల పొత్తు నేర్చుకోవాలంటే ఫోన్ కన్నా గద్వాల చీర మంచి గురువు. చీర మధ్యభాగం నూలుతో, అంచూ కొంగూ పట్టుతో నేసి, రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. చీరలో ఎక్కువ భాగం ఒకే రంగు. అంచు దానికి ఎదురు రంగు: గంధం రంగుకు కుంకుమ, ఆవపువ్వు రంగుకు నేరేడుపండు, చిలకపచ్చకు రాణి రంగు. జరీ గీతలాగా మెరుస్తుంది, అంతే. నారాయణపేట చీరల్లో కూడా చిన్న గళ్లు, నిండు రంగు అంచు ఇదే పని చేస్తాయి. స్టేజీకి కూడా రంగుల పాళ్లు ఇట్లాగే పెట్టుకోండి. తెరలూ పూలూ కలిపి చాలావరకు ఒక్క రంగు, అంచుల్లో దాని ఎదురు రంగు, మెరుపు కొంచెం. ఇప్పటి స్టేజీల లోపం రంగు ఎంపికలో తక్కువ, పాళ్లలో ఎక్కువ. ఐదు రంగులకు సమానంగా చోటిస్తే కన్ను పెండ్లికూతురి మీద ఆగదు.

నేత చీర అనుకుంటే తొందరపడాల్సింది ఒక్క విషయంలోనే. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు నేతకు ముందే ఖాయమైపోతుంది. నూలును లెక్కప్రకారం చిట్కి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. నిలువు, అడ్డం రెండు పోగులకూ డిజైన్ ఉంటే ఇంకా ఆలస్యం. మగ్గం ఎక్కాక 'కొంచెం లేతగా చేయండి' అంటే కుదరదు. దసరా దాటాక మేల్కొని మార్గశిరం పెండ్లికి ఆర్డర్ ఇస్తామంటే దొరికేది షాపులో ఉన్న రంగే, లేదంటే మిల్లులో అచ్చేసిన పోచంపల్లి డిజైన్.

పూల సంగతి త్వరగా తేలిపోతుంది. చామంతి, బంతి, గులాబీ ఈ కాలంలో బాగా వస్తాయి. మల్లె ఎండాకాలపు పువ్వు, డిసెంబర్‌లో దాని మీద ఆశ పెట్టుకుంటే ధర చూసి గుండె జారుతుంది. రాత్రులు పొడవైతేనే పూసే చామంతిలో పసుపు, తెలుపు, ముదురు ఎరుపు అన్నీ దొరుకుతుంటే ప్లాస్టిక్ పూలకు అద్దె కట్టడం ఎందుకో.

హాల్ బుక్ చేసేటప్పుడు కుర్చీల కవర్లు, కార్పెట్, గోడల రంగు ఫొటో తీసుకుని పెట్టుకోవాలి. అవి ఎలాగూ మారవు. అట్లాగే చలి. తెల్లవారుజాము ముహూర్తానికి నాయనమ్మ మెరూన్ స్వెటర్ మీద శాలువా కప్పుకుని, బాపు మంకీ క్యాప్ పెట్టుకుని మొదటి వరుసలో కూర్చుంటారు. ఏ థీమూ ఆ మంకీ క్యాప్‌ను ఆపలేదు. గంధం రంగు శాలువాలు నాలుగు కొని ముందే చేతికిస్తే ఫొటోకూ మంచిది, వాళ్లకూ మంచిది.

వీటన్నిటికన్నా నాకు ఇబ్బందిగా తోచేది చుట్టాలకు పెట్టే డ్రెస్ కోడ్. హల్దీకి పసుపు, మెహందీకి పచ్చ, సంగీత్‌కు నీలం, పెండ్లికి ఫలానా రంగు అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పిల్లలకు అది సరదా. అచ్చంపేట దగ్గరి ఊరి నుంచి వచ్చే మేనత్తకు అది నాలుగు కొత్త చీరలు, నాలుగు బ్లౌజుల కుట్టుకూలి. ఆమె బయటికి ఏమీ అనదు, హల్దీ ఫొటోల్లో వెనక వరుసలో ఉంటుంది లేదా అసలు ఉండదు. రంగుల ఖర్చు పెండ్లివాళ్ల లెక్కలో కనిపించకుండా చుట్టాల లెక్కలోకి పోతోంది.

దగ్గరి ఆడవాళ్లకు పెట్టుబడి చీరలు మనం ఎట్లాగూ కొంటాం. చివరి రోజు సంచిలో పెట్టి ఇచ్చే ఆ చీరల్నే, అందరూ ఒకే రంగులో ఉండాలని అంత కోరికగా ఉంటే, ఆ రంగులో తీసుకుని నెలరోజుల ముందే పంపొచ్చు. మిగతా చుట్టాలను వాళ్లకు ఉన్న మంచి చీర కట్టుకుని రానివ్వాలి. బ్లౌజు గుడ్డ కూడా చీరతోనే పంపండి, మార్గశిరం మొదలైతే మన టౌన్లలో టైలర్ దొరకడు.