గిరాకీ బెంగళూరులో ఉంటే జీఎస్టీ నంబర్ కూడా అక్కడ తీసుకోవాలా?

బేగంబజార్‌లో స్టీల్ సామాన్ల హోల్‌సేల్ చేసే మా బావ మొన్న ఫోన్ చేసి, బెంగళూరు నుంచి ఆర్డర్లు బాగా వస్తున్నాయి, విజయవాడలో కూడా రెండు పార్టీలు దొరికాయి, మూడు రాష్ట్రాల్లో జీఎస్టీ తీసేసుకుంటే ఓ పనైపోతుంది కదా అన్నాడు. ఎవరు చెప్పారు బావా అంటే అకౌంట్స్ చూసే ఆయనంట. నంబర్‌కింత అని నెలనెలా ఫీజు తీసుకునే మనిషి వద్దని ఎందుకంటాడు లెండి.

చూడాల్సింది కొనేవాడు ఎక్కడున్నాడని కాదు, సరుకు ఎక్కడ లోడెక్కుతోందని. బేగంబజార్ గోడౌన్‌లో ఎక్కిందా, అది బెంగళూరు పోయినా కర్నూలు పోయినా మన 36తో మొదలయ్యే తెలంగాణ నంబర్ మీదే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల మీద వేసే జీఎస్టీ) వేసి బిల్లు కొట్టాలి, సరుకు విలువ 50 వేలు దాటితే లారీతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లు, అంతే. బెంగళూరులో గోడౌన్ పెట్టి అక్కడి నుంచి అమ్మితే మాత్రం కర్ణాటక 29 నంబర్ తప్పదు. ఆన్‌లైన్ కంపెనీ వేర్‌హౌస్‌లో పెట్టినా ఇదే లెక్క, గోడౌన్ వాళ్లదైనా స్టాక్ మనదే కదా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లిమిట్ దగ్గర, అంటే ఏడాది టర్నోవర్ ఎంత దాటితే జీఎస్టీ నంబర్ తీసుకోవాలనే దగ్గర కూడా బోల్తా పడతారు. సరుకులకి ఆంధ్రాలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే, అదీ పాన్ మీద దేశం మొత్తం టర్నోవర్ కలిపి చూస్తారు, పైగా సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే మామూలుగా ఆ లిమిట్ కూడా వర్తించదు.

అసలు దెబ్బ క్రెడిట్ దగ్గర, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని అమ్మినప్పుడు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకునే దగ్గర. ఒకే పాన్ అయినా రెండు నంబర్లంటే చట్టానికి ఇద్దరు మనుషులు, కాబట్టి మన గోడౌన్ నుంచి మన గోడౌన్‌కే పంపినా టాక్స్ బిల్లే. 5 శాతం స్లాబు సరుకు 10 లక్షలది బెంగళూరు దించామనుకోండి, 50 వేల ఐజీఎస్టీ ఇక్కడి క్రెడిట్‌లోంచి పోయి 29 నంబర్ లెడ్జర్‌లో కూర్చుంటుంది. అక్కడ సరుకు కదలకపోతే అది అక్కడే ఉంటుంది, ఇక్కడ టాక్స్ కట్టే 3బీ రిటర్న్‌కి జేబులోంచి తీయాలి. అమ్మకం లేని నెలలో నిల్ రిటర్న్ మర్చిపోయినా రోజుకి 20 రూపాయలు, నంబర్ నంబర్‌కీ విడిగా.

బెంగళూరులో నెలకి రెండు లారీలు ఖాళీ అయ్యేంత గిరాకీ వస్తే అప్పుడు రెంట్ అగ్రిమెంట్, కరెంట్ బిల్లు పట్టుకుని అప్లై చేద్దాం అన్నాను. విజయవాడకి రాత్రి లారీ ఎక్కిస్తే పొద్దున్నకి దిగుతుంది, దానికి గోడౌన్ ఎందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.