కలిసిందో లేదో డ్రమ్స్ దగ్గరే తెలిసిపోద్ది: జాజ్, హిప్‌హాప్, మన తాళాలు

ఫ్యూజన్ అనే మాట వింటే నాకు ముందు భయమేస్తుంది. స్టేజి మీద ఒక శాక్సోఫోన్, ఒక డ్రమ్ సెట్, పక్కన మృదంగం, మధ్యలో ఒక కుర్రాడు వచ్చి రెండు నిమిషాలు ర్యాప్ చేసి వెళ్లిపోతాడు, ఎవరి వాయిద్యం వాళ్లు వాయించుకుంటారు, చివర్లో అందరూ కలిసి స్పీడ్ పెంచుతారు, చప్పట్లు. హైదరాబాద్‌లో ఇలాంటివి చాలానే చూశా. తాలింపు పెట్టకుండా పైన కొత్తిమీర చల్లి ఇచ్చిన చారులా ఉంటుంది. నా లెక్కలో జాజ్‌తో హిప్‌హాప్ అయినా, ఆఫ్రికా తాళాలైనా, మన తాళాలైనా నిజంగా కలిశాయా లేదా అన్నది డ్రమ్స్ దగ్గరే తేలుతుంది. పైన ఎవరు పాడుతున్నారన్నది తర్వాతి సంగతి.

నిజానికి జాజ్, హిప్‌హాప్ ఒకే ఇంటి మనుషులు. 1994లో అమెరికా ర్యాపర్ నాస్ మొదటి ఆల్బమ్ 'ఇల్‌మాటిక్'లో ఒక పాట చివర ట్రంపెట్ లాంటి కార్నెట్ వినిపిస్తుంది, అది వాయించింది వాళ్ల నాన్న ఓలు దారా, జాజ్ కళాకారుడు. కొడుకు మాట అయిపోయాక నాన్న ఊపిరి మొదలవుతుంది. అదే ఆల్బమ్‌లో ఇంకో పాటకి జాజ్ పియానిస్ట్ అహ్మద్ జమాల్ 1970 నాటి రికార్డు నుంచి పియానో ముక్క తీసుకున్నారు. అంతకు ముందే 1991లో ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే ర్యాప్ గ్రూపు వాళ్లు జాజ్ కళాకారుడు రాన్ కార్టర్‌ని పిలిపించి బేస్ వాయింపించుకున్నారు. ఇవన్నీ నాకు ప్రాణమే, కానీ ఆ రోజుల్లో ఎక్కువగా జరిగింది జాజ్‌లో ఒక ముక్క కోసి లూప్ తిప్పడం, అంటే అదే ముక్కని మళ్లీ మళ్లీ మోగించడం. జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ చివరి రోజుల్లో మొదలుపెట్టి, ఆయన పోయాక 1992లో వచ్చిన 'డూ-బాప్' వినండి, ట్రంపెట్ ఏదో అడుగుతుంటుంది, కింద లూప్ మాత్రం జవాబు చెప్పదు.

మార్పు డెట్రాయిట్ నుంచి వచ్చింది. అక్కడ హిప్‌హాప్ బీట్లు తయారు చేసే జే డిల్లా చేతిలో ఉన్నది అకాయ్ కంపెనీ ఎంపీసీ 3000 అనే డ్రమ్ మెషీన్. దాంట్లో క్వాంటైజ్ అని ఒకటుంటుంది, నువ్వు వేలితో కొట్టిన దెబ్బ కాస్త అటూ ఇటూ పడితే లాక్కొచ్చి కచ్చితమైన లెక్క గీత మీద కూర్చోబెడుతుంది. డిల్లా చాలా బీట్లలో దాన్ని వదిలేశాడు. హై-హ్యాట్ తాళాలు తిన్నగా నడుస్తుంటాయి, స్నేర్ డ్రమ్ వెంట్రుకవాసి ముందే పడుతుంది, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ కిక్ తన ఇష్టమొచ్చిన చోట పడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే ఒక చెయ్యి చతురశ్రంలో (నాలుగు లెక్క) ఉంటే ఇంకో చెయ్యి తిశ్రం (మూడు లెక్క) వైపు వాలుతున్నట్టు, కానీ పూర్తిగా తిశ్రంలోకి వెళ్లదు, ఆ రెండింటి మధ్యలో ఎక్కడో ఊగుతుంది. తాగినోడి నడకలా అనిపిస్తుంది గానీ ఒక్క అడుగు కూడా తప్పదు. 2006 ఫిబ్రవరిలో తన 32వ పుట్టినరోజున 'డోనట్స్' వచ్చింది, మూడు రోజులకి మనిషి పోయాడు. ఆ మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది.

తర్వాత జరిగింది ఇంకా గొప్ప సంగతి. జాజ్ డ్రమ్మర్లు ఆ మెషీన్ ఊగుడుని చేతులతో, కాళ్లతో వాయించడం నేర్చుకున్నారు. జాజ్ పియానిస్ట్ రాబర్ట్ గ్లాస్పర్ ఆల్బమ్ 'బ్లాక్ రేడియో'లో క్రిస్ డేవ్ డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని వినండి, మనిషి వాయిస్తున్నా గీత పడ్డ రికార్డు తిరుగుతున్నట్టు ఉంటుంది. 2012లో వచ్చిన ఆ ఆల్బమ్‌కి మరుసటేడు గ్రామీ వచ్చింది, అదీ జాజ్ విభాగంలో కాదు, ఆర్ అండ్ బీలో. 2015లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌కి గ్లాస్పర్, శాక్సోఫోన్ కమాసి వాషింగ్టన్, బేస్ థండర్‌క్యాట్ కలిసి పనిచేసేనాటికి ఎవరు ఎవరింటికి చుట్టంగా వచ్చారో చెప్పడం కష్టమైపోయింది.

లండన్ కథ వేరే దారి. నైజీరియాలోని లాగోస్‌లో డ్రమ్మర్ టోనీ అలెన్ అమెరికా జాజ్ డ్రమ్మర్లు ఆర్ట్ బ్లేకీ, మాక్స్ రోచ్‌ల రికార్డులు విని, దాన్ని పశ్చిమాఫ్రికా డ్యాన్స్ సంగీతం హైలైఫ్‌లో కలిపి, గాయకుడు ఫెలా కుటీతో ఆఫ్రోబీట్ అనే శైలి తయారు చేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఫెమి కొలియోసో లండన్‌లో ఎజ్రా కలెక్టివ్ అనే జాజ్ బ్యాండ్ డ్రమ్మర్. 2023లో వాళ్లకి బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది, జాజ్ బ్యాండ్‌కి అది రావడం అదే మొదటిసారి. ఆఫ్రికాలో పుట్టిన లయ అమెరికా వెళ్లి జాజ్ అయ్యి, లాగోస్ తిరిగొచ్చి, అక్కడ్నుంచి లండన్ కుర్రాళ్ల చేతుల్లో పడింది. దీన్ని వరల్డ్ మ్యూజిక్ అని ఒక డబ్బాలో పడేస్తే ఈ దారంతా మాయమైపోతుంది, నాకు ఆ పేరంటేనే కోపం.

మనవైపు కూడా కష్టపడ్డవాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్ జాజ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ పాఠాలు చెప్పించుకున్నాడు, మన సంగీతకారులతో కలిసి పెట్టిన శక్తి బ్యాండ్ కోసం గమకాలు లాగడానికి వీలుగా మెట్ల మధ్య చెక్క గుంటలు పడేలా చెక్కిన గిటారు చేయించుకున్నాడు. ఆ బ్యాండ్ తర్వాతి రూపం రిమెంబర్ శక్తిలో ఆయన పక్కన మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ కూర్చున్నప్పుడు ఇద్దరూ సగం సగం దూరం నడిచొచ్చి కలిశారనిపిస్తుంది. ఇప్పుడు లండన్‌లో ఉంటున్న డ్రమ్మర్ సారథి కోర్వార్ 2016లో, ఆఫ్రికా మూలాలున్న గుజరాత్ సిద్దీల పాటలు రికార్డు చేసి జాజ్‌తో కలిపాడు, 2019లో 'మోర్ అరైవింగ్' ఆల్బమ్ కోసం ముంబై, ఢిల్లీ ర్యాపర్లని తెచ్చుకున్నాడు.

సిద్దీలు అనగానే నాకు మన ఏసీ గార్డ్స్ గుర్తొస్తుంది. నిజాం కాలం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే ఆ బస్తీకి మిగిలింది. వాళ్లూ, బార్కస్ అరబ్బులూ వాయించే మర్ఫా లేకపోతే పాతబస్తీలో బరాత్ కదలదు. అయినా మన ర్యాప్ పాటల్లో మర్ఫా, డప్పు వినిపించినప్పుడల్లా నాలుగు బార్లు కోసి, క్వాంటైజ్ కొట్టి, గీత మీద కూర్చోబెట్టినట్టే ఉంటాయి. డప్పు చల్లబడితే శ్రుతి దిగిపోతుంది, వాయించేవాళ్లు ఆపి గడ్డి మంట మీద కాచుకుని మళ్లీ అందుకుంటారు, అప్పుడు మొదటి దెబ్బ మిగతావాళ్ల కంటే రవ్వంత ముందు పడుతుంది. హైదరాబాద్‌లో జాజ్ నేర్చుకుంటున్న డ్రమ్మర్ ఎవరైనా ఒక సీజన్ మొత్తం ఆ బరాత్‌ల వెంట నడిచి, ఆ రవ్వంతని చేతికి ఎక్కించుకుని వచ్చి వాయిస్తే, ఆ కచేరీకి ముందు వరసలో నేనుంటా.