‘వర్ణన బాగుంది’ అనకండి

సైనికుడు రాసిన యుద్ధ కవిత చదివిన వెంటనే ‘అబ్బ, ఎంత అద్భుతమైన వర్ణన!’ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ‘సెల్యూట్’ అనేసి వెళ్లిపోయేవాళ్లని చూసినా అంతే.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఇంగ్లిష్ కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ రాసిన విషవాయువు కవిత తీసుకోండి. ఒకడికి మాస్కు పెట్టుకోవడం ఆలస్యమైంది. ఆ ఆకుపచ్చ వెలుతురులో, సముద్రంలో మునిగిపోతున్నవాడిలా కొట్టుకుంటాడు. వాణ్ణి బండిలో పడేసి వెనకాలే నడుస్తుంటే, కుదుపు కుదుపుకీ ఊపిరితిత్తుల్లోంచి గరగరమంటూ నురగలాంటి నెత్తురు. అప్పుడు ఓవెన్ మనవైపు తిరిగి, ఇది నువ్వూ చూసి ఉంటే, దేశం కోసం చావడం తీయనిదనే పాత అబద్ధాన్ని పిల్లలకి చెప్పవు అంటాడు. చిత్తుప్రతిలో ఆ ‘నువ్వు’కి పేరు కూడా ఉంది: జెస్సీ పోప్. ఇంటి దగ్గర కూర్చుని, సైన్యంలో చేరమని కుర్రాళ్లని ఉసిగొల్పే పద్యాలు రాసినావిడ. ముఖం మీదే అడిగిన మనిషికి ‘వర్ణన బాగుంది’ అని ఎలా జవాబిస్తాం?

శిల్పం గురించి మాట్లాడొద్దని కాదు. ఓవెన్ ఒక్కో మాటనీ దిద్దుకుంటూ రాశాడు. ఆ దిద్దడమంతా మనం చూపు తిప్పుకోకుండా ఉండాలనే కదా! ఆయన 1918 నవంబర్ 4న, పాతికేళ్ల వయసులో చనిపోయాడు. యుద్ధం ముగిసిన 11వ తేదీనే తల్లికి టెలిగ్రామ్ అందింది. ఆ కవిత అచ్చయింది 1920లో.

నన్ను ఎక్కువ కుదిపేసింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పోరాడిన ఇంగ్లిష్ కవి కీత్ డగ్లస్ రాసిన కవిత. యుద్ధం జరిగిన చోటికి మూడు వారాల తర్వాత తిరిగొస్తే, తమ ట్యాంకు మీద గుండు పేల్చిన జర్మన్ సైనికుడు అక్కడే పడి ఉన్నాడు. పక్కన ఒక అమ్మాయి ఫోటో. దాని మీద ఆమె పేరు, స్టెఫీ, నన్ను మరిచిపోకు అని కాపీ పుస్తకంలోలాంటి గోతిక్ అక్షరాలు. శవం ఒంటి మీద ఈగలు. కళ్ల మీద దుమ్ము. చంపబోయిన శత్రువే అయినా డగ్లస్ చూపు మాత్రం ఆ అమ్మాయి వైపు వెళ్లింది, ఇదంతా చూస్తే ఆమె ఏడుస్తుందని. తర్వాత 1944 జూన్‌లో నార్మండీలో తనూ పోయాడు, 24 ఏళ్లకే.

ఈ కవిత చదివిన ప్రతిసారీ నేను ఒక్కటే అనుకుంటాను. స్టెఫీకి ఆ కబురు ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో.