ఐపీఏ గారూ, మీ చేదుకో దండం

మహారాజశ్రీ ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ అనే చేదు బీరు) గారి సముఖమునకు,

కొండాపూర్ నుంచి మీ పాత కస్టమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమే అని తలుస్తాను, మీకేం సార్, 70 ఐబీయూల (చేదుని కొలిచే లెక్క లెండి) చేదులో ఏ బాక్టీరియా మాత్రం బతికి బట్టకడుతుంది. విషయం ఏంటంటే, ఆరేళ్ళ నుంచి మీరంటే నాకు ఇష్టమని నటిస్తున్నా. ఇక నావల్ల కాదు.

అసలు మేం బీరు నేర్చుకున్న స్కూలే వేరు. వైన్స్ ముందు నిలబడితే జాలీ వెనక నుంచి రెండే ప్రశ్నలు వచ్చేవి, లైటా స్ట్రాంగా, కూలింగా నార్మలా. అంతే సిలబస్. స్ట్రాంగ్ అంటాం, ఎందుకంటే దాదాపు అదే రేటుకి కిక్కు ఎక్కువ, కూలింగ్ అంటాం, ఎందుకంటే కూలింగ్ లేని బీరు బీరే కాదు. 650 ఎంఎల్ సీసా న్యూస్ పేపర్లో చుట్టి ఇస్తాడు, ఆ పేపరు తడిసి సీసాకి అంటుకుపోయిందంటే క్వాలిటీ సూపర్ అన్నట్టు. అంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారి రుచే తెలీదని చాలా లేటుగా అర్థమైంది. తెలీకపోవడమే అక్కడ మేలు అని కూడా అప్పుడే అర్థమైంది అనుకోండి.

తర్వాత ఉద్యోగం, గచ్చిబౌలి, బీరు అక్కడికక్కడే కాచే మైక్రోబ్రూవరీ, గాజు గోడ వెనక మెరిసే స్టీల్ ట్యాంకులు. మొదటిసారి మా టీమ్ వెళ్ళినప్పుడు చెక్క పలక మీద ఆరు చిన్న చిన్న గ్లాసులు పెట్టి తెచ్చారు, నేను అది హోమియోపతి అనుకున్నా. ఆరింట్లో ఒకటి నచ్చింది, మబ్బుగా, లేత పసుపుగా, అరటిపండు లవంగం కలిపినట్టు వాసన, దాని పేరు హెఫెవైజెన్ అట, గోధుమ బీరు. ఇదే ఒక పింట్ చెప్పండి అన్నా. అప్పుడే ఆన్‌సైట్ నుంచి దిగిన మా లీడు నా వైపు జాలిగా చూసి "ఓ, బిగినర్సా" అన్నాడు. ఆయన చేతిలో మీరున్నారు. గ్లాసు తిప్పుతున్నాడు, ముక్కు పెట్టి పీలుస్తున్నాడు, గ్రేప్‌ఫ్రూట్ వస్తోంది, పైన్ వస్తోంది అంటున్నాడు. నేను గ్రేప్‌ఫ్రూట్ జన్మలో తినలేదు, పైన్ చెట్టు ఊటీలో చూశానే గానీ నాకి చూడలేదు, అయినా రెండో రౌండుకి మిమ్మల్నే చెప్పా, ఒక గుక్క వేశా, టాబ్లెట్ నీళ్ళు లేకుండా మింగబోతే నాలుక మొదట్లో అతుక్కుపోతుంది చూడండి, అలా నిలబడిపోయారు మీరు. కళ్ళల్లో నీళ్ళు. "నైస్ ఫినిష్" అన్నా. ఆ ఒక్క ముక్కకి ఆరేళ్ళ శిక్ష.

ఇక మీ వంశ చరిత్ర. ప్రతి బార్లో ప్రతి వెయిటర్ తమ్ముడూ ఒకటే కథ చెప్తాడు, ఇండియాలో తెల్ల సిపాయిల కోసం ఓడలో పంపే బీరు పాడైపోతుంటే ఎవరో మహానుభావుడు హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) ఎక్కువేసి మిమ్మల్ని కనిపెట్టాడని. కనిపెట్టిందీ లేదు పాడూ లేదు. హాప్స్ బీరుని కాపాడతాయన్నది నిజమే, ఆ సంగతి మీరు పుట్టక ముందే అందరికీ తెలుసు, నల్లటి పోర్టర్ బీరు కూడా అవే ఓడల్లో నిక్షేపంలా వచ్చేది, సిపాయిలు ఎక్కువగా తాగింది కూడా దాన్నే. మీరు ఆఫీసర్ల బల్ల మీద సరుకు, అప్పుడూ పోజే ఇప్పుడూ పోజే. లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ అని ఒకాయన బ్రూవరీ ఉండేది, ఈస్టిండియా ఓడలు ఆగే రేవుకి దగ్గర, పైగా కెప్టెన్లకి ఏడాది, ఏడాదిన్నర అప్పు ఇచ్చేవాడట. అంటే మీ ఘనకీర్తికి పునాది రుచి కాదు సార్, ఖాతా. మా ఊరి కిరాణా కొట్టు కూడా అలానే పెద్దదైంది. తర్వాత 1820ల్లో ఇంగ్లాండులోనే బర్టన్ ఊరి బ్రూవరీల వాళ్ళు దిగారు, అక్కడి నీళ్ళల్లో జిప్సం ఎక్కువ, దాంతో చేదు ఇంకాస్త పదునెక్కింది. ఇంతకీ మైసూర్ బజ్జీలో మైసూర్ ఎంతుందో మీలో ఇండియా అంత.

ఇప్పుడైతే మరీ దారుణం. మీలో వేసే హాప్స్ చాలావరకు అమెరికాలో యాకిమా లోయ నుంచి వస్తాయి, మా బావ ఉండే సియాటిల్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్, వాడు వెళ్ళి పందిరి మీద ద్రాక్షతోటలా ఉందిరా అని ఫొటో పెట్టాడు. మా లీడు పీల్చిన ఆ గ్రేప్‌ఫ్రూట్ వాసన కూడా అక్కడిదే, కాస్కేడ్ అనే రకం 1972లో విడుదలయ్యాక మొదలైన మోజు. పేరు మాత్రం ఇండియా. ఆధార్ కార్డు చూపించండి ఒకసారి.

ఆ ఐబీయూ గోల ఇంకోటి. లీటరు బీరులో చేదు పదార్థం ఎన్ని మిల్లీగ్రాములుందో చెప్పే కొలత అది, మామూలు లాగర్ బీరు పదీ ఇరవై దగ్గర ఉంటుంది, గోధుమ బీరు ఇంకాస్త కింద, మీరు నలభై నుంచి డెబ్భై, మీ డబుల్ ఐపీఏ తమ్ముడు వంద. వంద దాటాక మనిషి నాలుకకి తేడా తెలీదంటారు, అయినా మెనూలో దాన్ని ఎంసెట్ ర్యాంకులా అచ్చేస్తారు. అందరూ చేదులో పోటీపడి అలిసిపోయాక ఇప్పుడు హేజీ, అంటే మబ్బు ఐపీఏ అని కొత్త అవతారం ఎత్తారు, అమెరికాలో వెర్మాంట్ నుంచి వచ్చిన ఫ్యాషనట, మామిడి రసంలా చిక్కగా, చేదు తక్కువ. నేను గోధుమ బీరు మబ్బుగా ఉందని తాగితే బిగినర్‌ని, మీరు మబ్బుగా తయారైతే ట్రెండు.

ఒక్కటి ఒప్పుకుంటా, మీరు నాసిరకం అని నేను అనట్లేదు. ఫ్రెష్‌గా దొరికిన రోజు మూత తీసిన కమలాపండు డబ్బాలా వాసన వస్తుంది, చేసినవాడి చేతికి దండం పెట్టాలి. బాగుండటం వేరు, నాకు నచ్చటం వేరు, ఈ చిన్న ముక్క మా గ్యాంగ్‌లో ఒక్కడికీ ఎక్కదు. పోనీ బాగున్నదేదో బాగోలేనిదేదో అయినా తెలుసా అంటే అదీ లేదు. మొన్నామధ్య ఒకచోట (పేరెందుకు లెండి) లాగర్ చెప్తే గుక్క వెయ్యగానే వెన్న వాసన, థియేటర్ పాప్‌కార్న్ లాగా. దాన్ని డయాసిటైల్ అంటారు, బీరు పులిసేటప్పుడు పుడుతుంది, ఇంకొన్ని రోజులు ఆగితే బీరుని పులియబెట్టే యీస్టే దాన్ని తినేస్తుంది, వీకెండ్ రష్‌కి తొందరపడి తీసేస్తే అలా మిగిలిపోతుంది. వెయిటర్ని అడిగితే "బటర్‌స్కాచ్ నోట్స్ సార్" అన్నాడు. మా లీడు కళ్ళు మూసుకుని "యెస్, ఐ గెట్ ఇట్" అన్నాడు. నేనూ తలూపా, సిగ్గులేకుండా.

ఇలా ఇంకో పదేళ్ళు ఊపేవాడినేమో గానీ, పోయిన నెల సూర్యాపేట నుంచి మా మామ వచ్చాడు. హాస్పిటల్ పని అయిపోయింది, సాయంత్రం తీసుకెళ్ళా. నా ముందు మీరు, ఆయన ముందు గోధుమ బీరు. ముందు మీ గ్లాసు లాక్కుని ఒక గుక్క వేశాడు, మొహం మొత్తం మధ్యలోకి ముడుచుకుపోయింది.

"ఏం అల్లుడా, గిది బీరా? నాకు జరమొస్తే మా నాయినమ్మ పోసిన నేలవేము కషాయం గిట్లనే ఉండె."

"ఇది అలవాటు చేసుకోవాలి మామా."

"ఎందుకు?"

ఆరేళ్ళల్లో ఒక్కరూ అడగని ప్రశ్న సార్ అది. నేను పల్లీలు నములుతూ కూర్చున్నా. ఆయన తన గ్లాసు ఎత్తి ఒక గుక్క వేసి, "ఇగో, ఇది మంచిగున్నది, అరటిపండు పిసికి పోసిండ్రా దీంట్ల" అన్నాడు. పండు ఏం ఉండదు మామా, అరటిపండులో ఉండే వాసన పదార్థాన్నే ఆ యీస్ట్ తయారు చేస్తుంది అని చెప్పా. మామ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "కల్లు కూడ అంతే కద" అన్నాడు.

నిజమే కదా. మీరు బెల్జియంలో లాంబిక్ అని ఒక బీరు ఉందని, చలికాలం రాత్రి వెడల్పాటి తొట్టిలో పోసి వదిలేస్తే గాల్లో ఉండే యీస్ట్ వచ్చి పడి దానంతటదే పులుస్తుందని, పెద్ద యాగంలా చెప్పుకుంటారు. మా లొట్టిలో, అదే కల్లు కుండలో, ప్రతి పొద్దునా జరిగేది అదే, దానికి మెనూ కార్డు లేదు. (సిటీ కల్లు కాంపౌండ్ల గురించి మాట్లాడను, అక్కడ లొట్టిలో చెట్టు తక్కువ, మందుల షాపు ఎక్కువ.) పొద్దున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, మామ తాటాకు రేకులో పోయించుకుని ఒక గుటకేసి ఇది ఏ రకం తాటిచెట్టుదో, పోతుతాడా పరుపుతాడా చెప్పేస్తాడు, ఎండ ఎక్కాక దించింది అయితే ముట్టడు, ఫలానా గౌడన్న లొట్టి కడగడు అని పక్క ఊరికి బండేసుకుని పోతాడు. అంటే మామ కూడా మా లీడు లాంటోడే, తేడా ఏంటంటే మామ తనకి నచ్చింది తాగుతాడు.

ఆ రోజు మామ రెండు పింట్లు లాగించాడు. బిల్లు చూసి మాత్రం "ఒక్క గిలాసకు నాలుగొందలా, ఊర్ల నాలుగొందలకు చెట్టు కిందికే కుర్చేసుకుని కూసుంట" అన్నాడు, దానికి నా దగ్గర సమాధానం లేదు, మీ దగ్గర కూడా ఉండదు.

ఇట్లు,
మీ గ్లాసు సగంలో వదిలేసి వచ్చిన,
బిగినర్.

తా.క.: ఈ శనివారం టీమ్ అంతా మళ్ళీ వస్తున్నారు, మా లీడు కూడా. నాకు గోధుమ బీరే అని ముందే గ్రూపులో పెట్టేశా. బ్లూ టిక్‌లు పడ్డాయి, ఎవరూ ఏమీ అనలేదు, కాసేపటికి ఇద్దరు మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టారు, "నాకూ అదే చెప్పు బ్రో" అని.