పాత డొమైన్ కొంటే ర్యాంకు వస్తుందా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఊళ్లలో వెబ్‌సైట్ పెట్టుకుందామనుకునే మన తెలుగు వ్యాపారుల దగ్గరికి ఈ మధ్య ఒక బేరం తరచూ వస్తోంది. ‘‘కొత్త డొమైన్ (వెబ్‌సైట్ అడ్రస్ పేరు) అయితే గూగుల్‌లో పైకి రావడానికి ఏళ్లు పడుతుంది. మా దగ్గర పదిహేనేళ్ల పాత డొమైన్ ఉంది, తీసుకోండి, మొదటి పేజీలో ఉంటారు’’ అంటారు. కొత్త డొమైన్ ఏడాదికి వెయ్యి, పదిహేను వందలకు దొరుకుతుంటే, ఈ పాతదానికి పదుల వేలు అడుగుతారు. చీరల మీద, అప్పడాల మీద వచ్చే కొద్దిపాటి మిగులులోంచి ఆ డబ్బు తీసి ఇవ్వబోతున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇవ్వకండి. డొమైన్ పుట్టిన తేదీని చూసి గూగుల్ ర్యాంకు ఇవ్వదు.

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. 2003 చివర్లో గూగుల్ ఒక పేటెంటుకు దరఖాస్తు చేసింది, 2005లో అది బయటికి వచ్చింది. మ్యాట్ కట్స్, జెఫ్ డీన్ లాంటి పెద్ద ఇంజినీర్ల పేర్లు దాని మీద ఉన్నాయి. ఒక పేజీ ఎప్పుడు మొదలైంది, వేరే సైట్ల నుంచి దానికి లింకులు ఎంత వేగంగా పెరిగాయి, డొమైన్‌ను ఎన్నేళ్లకు ముందుగా డబ్బు కట్టి రిజిస్టర్ చేశారు లాంటివన్నీ గమనించవచ్చని అందులో రాశారు. మోసపు సైట్లు ఏడాదికి మించి ఉండటం అరుదు, నిజమైన వ్యాపారాలు కొన్నేళ్లకు ముందే కట్టేస్తాయి అన్నది వారి తర్కం. పేటెంటులో రాసుకున్నదంతా వాడతారని అర్థం కాదు. కానీ అప్పటినుంచే ‘పాతదైతే మంచిది, పదేళ్లకు ఒకేసారి కడితే ఇంకా మంచిది’ అన్న మాట ఊరూరా పాకింది.

ఆ పేటెంటు మీద పేరున్న మ్యాట్ కట్సే 2010లో ఒక వీడియోలో ఆరు నెలల డొమైన్‌కూ ఏడాది డొమైన్‌కూ పెద్ద తేడా ఉండదని, పేజీలో ఉన్న విషయం, వచ్చే లింకులే ముఖ్యమని చెప్పారు. 2019లో గూగుల్‌కే చెందిన జాన్ ముల్లర్ ఇంకా సూటిగా, డొమైన్ వయసు దేనికీ పనికిరాదనేశారు.

అవతలి వాదనను కూడా చూడాలి. 2024 మే నెలలో గూగుల్ లోపలి సాంకేతిక పత్రాలు కొన్ని బయటపడ్డాయి. వాటిలో ‘హోస్ట్ ఏజ్’, అంటే సైట్ వయసు, అనే అంశం కనిపించింది. ఇంకేం, వయసును లెక్కేస్తున్నారని రుజువైపోయిందని పాత డొమైన్లు అమ్మేవాళ్లు సంబరపడ్డారు. అక్కడ రాసి ఉన్నది జాగ్రత్తగా చదివితే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, అది కొత్తగా పుట్టుకొచ్చే చెత్త సైట్లను అడ్డుకోవడానికి పెట్టినది. రెండు, అందులో లెక్కించేది డొమైన్ రిజిస్టర్ అయిన తేదీ కాదు, ఆ సైట్ పేజీలను గూగుల్ మొట్టమొదట చూసిన తేదీ. పదిహేనేళ్ల కిందట రిజిస్టరై, ఒక్క పేజీ కూడా లేకుండా పడి ఉన్న డొమైన్‌కు ఈ లెక్కన వయసే లేదు.

మరి పాత సైట్లే పైన కనిపిస్తున్నాయి కదా అని అడుగుతారు. నిజమే. సెర్చ్ ఫలితాలను విశ్లేషించే అహ్రెఫ్స్ సంస్థ 2017లో చేసిన పరిశీలనలో కొత్త పేజీల్లో ఏడాది లోపు మొదటి పది స్థానాల్లోకి వచ్చినవి 5.7 శాతమే. అయితే పన్నెండేళ్లుగా నడుస్తున్న ఒక పచ్చళ్ల వ్యాపారి సైట్‌ను ఊహించుకోండి. ఆ పన్నెండేళ్లలో ఏదో పత్రిక దాని గురించి రాసి లింకు ఇచ్చి ఉంటుంది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడ్డ బరంపురం వాళ్లు నలుగురికీ పంపి ఉంటారు. షాపు పేరే కొట్టి వెతికేవాళ్లు వందల్లో ఉంటారు. ధరలు మారినప్పుడల్లా పేజీలు మారి ఉంటాయి. ర్యాంకు వచ్చింది వీటి వల్ల. నడవలేక మూతపడ్డ వేల సైట్లు మనకు కనిపించవు, నిలబడ్డవే కనిపిస్తాయి కాబట్టి వయసే కారణమనిపిస్తుంది. పాత దుకాణం బోర్డు కొని మన గుమ్మానికి తగిలించినంత మాత్రాన ఆ దుకాణం ఖాతాదారులు మన దగ్గరికి రారు.

పైగా ఇప్పుడు ఈ కొనుగోలులో ప్రమాదం కూడా ఉంది. గడువు తీరిన డొమైన్లను కేవలం వాటి పాత పరపతి కోసం కొని, సంబంధం లేని సరుకు నింపడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ నిబంధనల్లో, అంటే చేయకూడని మోసపు పనుల జాబితాలో, చేర్చింది. ఎక్కడో మూతపడ్డ స్కూలు డొమైన్ మీద పట్టుచీరలు అమ్మడం సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. ఇంతా చేసి డబ్బు పోవడమే కాదు, సైట్ సెర్చ్‌లోంచే మాయమయ్యే అవకాశం ఉంది. ఎవరైనా అంటగట్టబోతే, పాత వెబ్ పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషిన్ సైట్‌లో ఆ పేరు కొట్టి చూడండి. ఏ ఏడాది అక్కడ ఏముందో పేజీలు తెరుచుకుంటాయి. నడుమ రెండు మూడేళ్లు జూదం పేజీలు కనిపించాయా, ఇక దాని జోలికి పోవద్దు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి. కొనే వయసు గురించి ఇంత తాపత్రయపడే మనవాళ్లు తమ చేతిలో ఉన్న వయసును పోగొట్టుకుంటున్నారు. బరంపురంలో నాకు తెలిసిన ఒక చీరల వ్యాపారి సంగతే చెబుతాను. సైట్ చేసిన కుర్రాడు డొమైన్‌ను తన ఈమెయిల్ మీద, తన ఫోన్ నంబరు మీద తీసుకున్నాడు. కొన్నేళ్లకు ఉద్యోగం వచ్చి భువనేశ్వర్ వెళ్లిపోయాడు. రెన్యువల్ హెచ్చరికలన్నీ అతను వాడటం మానేసిన మెయిల్‌కు పోయాయి. ఒకరోజు కస్టమర్ ఫోన్ చేసి ‘‘మీ సైట్ తెరిస్తే ఏదో పేకాట వస్తోందండీ’’ అంటే గానీ షాపులో ఎవరికీ తెలియలేదు. విజిటింగ్ కార్డుల మీద, సంచుల మీద, ఊళ్లో బోర్డుల మీద అదే అడ్రస్ ఉంది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న లింకులన్నీ ఇప్పుడు ఆ పేకాటవాడి సొత్తు.

డాట్ కామ్ లాంటి పేర్లకు గడువు తీరాక రిజిస్ట్రార్‌ను (డొమైన్ అమ్మిన కంపెనీని) బట్టి 45 రోజుల వరకు మామూలు రుసుముతో వెనక్కి తీసుకునే వీలుండొచ్చు. ఈలోపే కొందరు వేలానికి పెట్టేస్తారు. రద్దయ్యాక 30 రోజుల్లో అయితే భారీ జరిమానా కట్టి విడిపించుకోవచ్చు. ఆ తర్వాత ఐదు రోజులకు ఆ డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు. కాబట్టి రిజిస్ట్రార్ ఖాతా యజమాని మెయిల్ మీదే ఉండాలి, ఓటీపీ యజమాని ఫోన్‌కే రావాలి. వెబ్ డిజైనర్ ఎంత నమ్మకస్తుడైనా సరే. మూడేళ్లకో ఐదేళ్లకో ముందే కట్టేయడం కూడా మంచిదే. దానివల్ల ర్యాంకు పెరగదు, టెన్షన్ తగ్గుతుంది.

దుకాణానికి మనిషి రావాల్సిన వ్యాపారమైతే డొమైన్ వయసు గోల మరీ అనవసరం. దగ్గర్లోని షాపుల కోసం వెతికినప్పుడు తాము చూసేది వెతికినదానికి పొంతన, దూరం, ఆ షాపుకున్న పేరు అని గూగులే చెబుతోంది. మ్యాప్‌లో షాపును ఉచితంగా నమోదు చేసుకుని, వేళలు, ఫొటోలు సరిగ్గా పెట్టి, వచ్చిన రివ్యూలకు జవాబిస్తే చాలావరకు పని అయిపోతుంది. మన ఊరికి ఒక చిక్కు ఉంది. రైల్వే బోర్డు మీద బ్రహ్మపుర్, జనం రాసేది బెర్హంపూర్, మనం పిలిచేది బరంపురం. పశ్చిమ బెంగాల్‌లో దాదాపు అదే స్పెల్లింగుతో ఇంకో ఊరు ఉండనే ఉంది. గంజాం జిల్లా, ఒడిశా అని పిన్‌కోడ్‌తో సహా ప్రతి పేజీ అడుగున స్పష్టంగా రాయకపోతే ఆర్డర్లు కాదు కదా, ఫోన్లు కూడా దారి తప్పుతాయి.

ఇక కొత్త డొమైన్‌తో నెగ్గగల చోటు ఒకటి మన ముందే ఖాళీగా ఉంది. ఇంగ్లిష్‌లో చీరల గురించి లక్షల పేజీలున్నాయి, అక్కడ పెద్ద కంపెనీలతో పోటీ పడటం కష్టం. తెలుగులో అంత రద్దీ లేదు. బరంపురం పట్టుకు 2012లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంచు మీద గోపురాల్లా లేచే ఆ కుంభం డిజైను ఎలా నేస్తారో, అసలుదానికీ నకిలీకీ తేడా ఎలా పట్టాలో, మన దేవాంగుల వీధుల్లో మగ్గం మీద కూర్చున్నవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పర్లాకిమిడి కొమ్ము బొమ్మల సంగతీ అంతే. సొంత ఫొటోలతో, సొంత మాటల్లో, ధరలతో సహా తెలుగులో ఒక పేజీ రాసి పెడితే, ఆ ప్రశ్న తెలుగులో వెతికేవాళ్లకు చూపించడానికి గూగుల్ దగ్గర అంతకంటే మంచి జవాబు ఉండకపోవచ్చు. పాత డొమైన్‌కు ఇవ్వబోయిన డబ్బుతో ఓ మంచి ఫొటోగ్రాఫర్‌ను రెండు రోజులు మగ్గాల దగ్గరికి పిలిపించుకోవచ్చు.