ఐఆర్ అంటే పొల్యూషన్ సర్టిఫికెట్ కాదు

సంక్రాంతికి ముందు వారం, పొద్దున అయిదున్నర. బెంగళూరు దేవనహళ్లి ఎయిర్‌పోర్టు మొత్తం పొగమంచు. కౌంటర్లో నేను, ఎదురుగా మెళ్లో దిండు తగిలించుకున్న ఒక పెద్దాయన. నా బ్యాడ్జీ మీద పేరు చూసి తెలుగులోనే మొదలుపెట్టాడు. "విమానం ఉంది, పైలట్ ఉన్నాడు, ఇంకేం కావాలమ్మా మీకు?" రన్‌వే మీద ఎంత దూరం కనబడుతుందో కొలుస్తారనీ, ఆ లెక్కకు సరిపడే విమానం, ఆ శిక్షణ ఉన్న పైలట్ రెండూ ఉంటేనే కదులుతుందనీ చెప్పాను. "అబ్బో, నీకు బాగానే తెలుసే" అన్నాడు. నాకు కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉందని చెప్పలేదు. చెబితే ఆయన తర్వాతి ప్రశ్న ఏంటో నాకు తెలుసు.

లైసెన్స్ ఉంది. ఐఆర్ ల్యాప్సయింది.

తెలియనివాళ్లకు: ఐఆర్ అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. బయట మబ్బు, మంచు, ఏమీ కనబడనప్పుడు లోపలి మీటర్లు మాత్రమే చూసి విమానం నడపడానికి ఇచ్చే అర్హత. మన దేశంలో 2023లో కమర్షియల్ లైసెన్స్ గడువును 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచారు. అందులో ఉండే ఐఆర్‌కు మాత్రం 12 నెలలే. ఏడాదికోసారి ఎగ్జామినర్ పక్కన కూర్చుని పరీక్ష ఇవ్వాల్సిందే. మొదటిసారి అది తెచ్చుకోవడానికి మీటర్ల మీద 40 గంటలు చేశాను, సగం దాకా సిమ్యులేటర్‌లో చేయొచ్చు కాబట్టి ప్రాణం నిలబడింది. పైలట్ ఉద్యోగం రాలేదు. ఎగరకుండానే 12 నెలలు గడిచిపోయాయి.

మదనపల్లెలో మా బాబాయ్‌కి టమాటా లారీ ఉంది. "అదేందే పాపా, లైసెన్సు చేతిలో పెట్టుకుని మళ్లీ పరీక్షేంది?" అంటాడు. బాబాయ్‌ని అనడానికి ఏముంది? నా తోటి పైలట్లే అలా మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండుతోంది. మా వాట్సాప్ గ్రూపులో వారానికి ఒకరు అడుగుతారు, "ఐఆర్ రెన్యువల్ ఎక్కడ ఈజీగా అయిపోతుంది?" అని. పెట్రోల్ బంకు పక్కన బండి ఆపి, స్టార్ట్ కూడా చేయకుండా పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్నట్టు. కింద నలుగురు జవాబిస్తారు, ఫలానా చోట ఎప్పుడూ అదే అప్రోచ్ (రన్‌వే వైపు దిగే దారి), అదే రన్‌వే, ముందురోజు బట్టీపట్టి పోతే చాలని.

నేనూ అదే అనుకుని పోయాను. అందుకే రాస్తున్నా.

పోయిన నెల జీతం రాగానే రెండు గంటలు సిమ్యులేటర్ బుక్ చేశాను. పధ్నాలుగు నెలల గ్యాప్. మొదటి పది నిమిషాలు బాగానే ఉంది, సైకిల్ తొక్కినట్టే కదా అనిపించింది. తర్వాత సార్ హోల్డింగ్ ఇచ్చారు. గుడి చుట్టూ ప్రదక్షిణ లాంటిదే, గాల్లో కోడిగుడ్డు ఆకారంలో. సెకనుకు మూడు డిగ్రీల చొప్పున తిరిగితే సగం చుట్టు ఒక నిమిషం, నేరుగా ఒక నిమిషం, మళ్లీ తిరగడం ఒక నిమిషం, వెనక్కి ఒక నిమిషం. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉంటుందో! పక్క నుంచి గాలి పెట్టేసరికి నా కోడిగుడ్డు వంకాయైంది. టైమర్ నొక్కడం మర్చిపోయాను. నొక్కానా లేదా అని ఆలోచిస్తూ ఒక్క సూదినే గుడ్లప్పగించి చూస్తున్నా. ఈలోపు ఎత్తు మూడువందల అడుగులు పడిపోయింది. వంద తప్పితేనే పరీక్షలో ఫెయిల్. సార్ ఏమీ అనలేదు, ఎత్తు చూపే మీటర్, అదే ఆల్టిమీటర్, దాని అద్దాన్ని పెన్నుతో రెండుసార్లు తట్టారు. ఆ టక్ టక్ ఇప్పటికీ చెవిలో ఉంది.

పోయింది జ్ఞానం కాదండీ. ఐఎల్ఎస్, అంటే రన్‌వే దాకా దారి చూపే రేడియో సిగ్నల్, ఎలా పనిచేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతా. పోయింది స్కాన్. ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కు కళ్లు తిరుగుతూనే ఉండే అలవాటు. అలవాటు పోయినచోట చెవి పెత్తనం మొదలుపెడుతుంది. మెల్లగా ఒకవైపు తిరుగుతూ పోతే లోపలి చెవిలో ద్రవం కాసేపటికి కుదురుకుని, నేరుగానే పోతున్నావని చెబుతుంది. రెక్కలు సరిచేస్తే రెండోవైపు ఒరిగిపోతున్నావని గోలపెడుతుంది. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఈ శిక్షణ లేని 20 మందికి బయట ఏమీ కనబడకుండా చేసి విమానం ఇచ్చారు. ఇరవై మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా లేదు.

"వాళ్లకు రేటింగ్ లేదు కదా" అంటారా? 2020 జనవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఉన్న హెలికాప్టర్ నడిపిన పైలట్‌కు ఐఆర్ ఉంది. మీటర్ల మీద ఎగరడానికి ఆ హెలికాప్టర్ కంపెనీకి అనుమతి లేదు. మబ్బుల్లోకి పోయి, పైకెక్కుతున్నాననుకుంటూ ఎడమకు ఒరిగి కొండకు గుద్దుకున్నాడు. మా అమ్మకైతే అంత దూరం పోనక్కర్లేదు, మబ్బు అన్నా హెలికాప్టర్ అన్నా 2009 సెప్టెంబర్ 2, నల్లమల. ఆ ప్రమాదానికి కారణాలు వేరే ఉన్నాయని ఎంత చెప్పినా వినదు.

పరీక్ష వద్దని నేను అనను, ఉండాల్సిందే. నా కోపమల్లా ఆ పరీక్షకూ పరీక్షకూ మధ్య ఖాళీ మీద. అమెరికాలో ఆరు నెలలకోసారి లెక్క చూసుకోవాలి: ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్, ట్రాకింగ్ (అనుకున్న గీత తప్పకుండా ఎగరడం). అనుమతి ఉన్న సిమ్యులేటర్‌లో చేసినా చెల్లుతుంది. తప్పితే ఇంకో ఆరు నెలల్లో, పక్కన కూర్చుని బయటకు చూసే సేఫ్టీ పైలట్‌తోనో సిమ్యులేటర్‌లోనో మళ్లీ చేతిలోకి తెచ్చుకోవచ్చు. అదీ దాటితేనే ఇంకొకరి ముందు పరీక్ష. మన దగ్గర ఉద్యోగం లేని పిల్లలకు అలాంటి మెట్టేదీ లేదు. పన్నెండో నెలలో ఒకేసారి ట్విన్ ఇంజిన్ విమానానికి అప్పు చేయాలి. నేను కట్టిన చోట ఆ విమానం పార్టు రాలేదని నెలల తరబడి హ్యాంగర్‌లోనే ఉంది. డబ్బులు మాత్రం హ్యాంగర్‌లో లేవు. అప్పు చేసినవాడు "ఈజీగా ఎక్కడ?" అని అడిగితే వాణ్ణి పూర్తిగా తిట్టలేను కూడా.

డ్యూటీకి పోయేటప్పుడు ఎయిర్‌పోర్టుకు పోయే వాయు వజ్ర బస్సు జక్కూరు ఫ్లయింగ్ స్కూల్ దాటుతుంటే ఒక్కోసారి చిన్న విమానం రెక్క వాల్చి తిరుగుతూ కనబడుతుంది. ఇన్నాళ్లూ తల తిప్పేసుకునేదాన్ని. ఇప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చూస్తున్నా.

వచ్చే నెల రెండో వారంలో మళ్లీ సిమ్యులేటర్ బుక్ చేస్తున్నా. బెంగళూరులో నాలాగే ల్యాప్సయి కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, సగం సగం వేసుకుందాం. ఒక గంట మీరు నడపండి, నేను గాలి మారుస్తా. తర్వాత గంట నాకు మీరు మార్చండి. ఆల్టిమీటర్ తట్టడానికి పెన్ను నేనే తెస్తా.